రిటైరయ్యాక వేసే బొమ్మలు

ఉగాది సంచికకు ఏదైనా వ్యాసం ఇమ్మని సంపాదకులు ఫోను చేసినప్పుడు, "ఆరుబయట నీటిరంగుల బొమ్మలు వేసుకోవటానికి ఒక చిన్న స్టాండు తయారుచేసుకున్నాను, దాని గురించి వ్రాస్తాను" అన్నాను. అవతల కాసేపు నిశ్శబ్దం. "మన భాష గురించో, పిల్లల పెంపకం గురించో అయితే బాగుంటుందేమోనండీ" అన్నారాయన మర్యాదగా. "ఇదీ పిల్లల పెంపకం గురించేనండీ" అన్నాను. ఆ మాట నిజమో కాదో వ్యాసం చదివాక మీరే చెప్పాలి.

నేను పుట్టి పెరిగింది కొవ్వూరులో. గోదావరికి ఇవతల మేము, అవతల రాజమండ్రి. మా హైస్కూలు డ్రాయింగు మాస్టారు ఆదివారాలు పొద్దున్నే సైకిలు వేసుకుని రేవుకి వెళ్ళేవారు. మర్రిచెట్టు కింద సైకిలుకి స్టాండు వేసి, వెనక క్యారియరు మీద పరీక్ష అట్ట పెట్టి, పాత ట్యూబు ముక్కతో బిగించి కట్టేవారు. అవతలి అంచు కింద ఒక చిన్న చెక్కముక్క దోపేవారు, అట్ట తనవైపుకి కొంచెం వాలి ఉండేటట్టు. సీటు మీద రంగుల పళ్ళెం. హ్యాండిలుకి మరచెంబు నిండా నీళ్ళు. అంతే ఆయన సరంజామా. పది నిమిషాల్లో రేవు, పడవలు, వెనకాల హేవ్‌లాక్ వంతెన కాగితం మీదికి వచ్చేవి. ఆ వంతెన మీద రైళ్ళు 1997లో ఆగిపోయాయి. నాకు మాత్రం ఇప్పటికీ అది ఆయన కుంచె చివర సన్నటి బూడిదరంగు గీతగానే జ్ఞాపకం.

ఒకసారి ఆయన మా ఆరుగురిని వెంటబెట్టుకుని వంతెన దాటించి, రాజమండ్రిలో దామెర్ల రామారావు గారి చిత్రశాలకి తీసుకెళ్ళారు. 1897లో పుట్టి, 1925లో, ఇరవై ఎనిమిదేళ్ళైనా నిండకుండానే మశూచితో పోయిన మనిషి ఆయన. ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాలు ఆస్వాల్డ్ కూల్డ్రే దొర ఆయనలోని కళని గుర్తించి, బొంబాయి జె.జె. స్కూల్ ఆఫ్ ఆర్ట్స్‌కి వెళ్ళేందుకు దారి చూపించాడని మాస్టారు చెప్పారు. కూల్డ్రే స్వయంగా నీటిరంగుల చిత్రకారుడు. అడివి బాపిరాజు గారు కూడా ఆయన శిష్యులే. ఇదంతా చెప్పి మాస్టారు ఒకే ఒక్క మాట అన్నారు: "చూశారుగా, ఆయన రిటైరయ్యేదాకా ఆగి ఉంటే మనకేం మిగిలేది?"

ఆ మాట అప్పుడు నాకు తలకెక్కలేదు. పదో తరగతి అయ్యాక ఇంటర్మీడియట్, ఎంసెట్ కోచింగు. డ్రాయింగు హయ్యర్ పరీక్షకి కట్టాలని ఉందని నేను అన్నప్పుడు మా నాన్నగారు కోప్పడలేదు. "ముందు చదువు కానీరా. బొమ్మలు రిటైరయ్యాక తీరిగ్గా వేసుకోవచ్చు" అన్నారు. ముగ్గురు పిల్లల్ని గుమాస్తా జీతంతో చదివించిన మనిషి ఆయన. ఇప్పటికీ ఆయన్ని తప్పుపట్టను. ఆ చదువే నన్ను మెకానికల్ ఇంజనీరుని చేసింది, న్యూజెర్సీ తీసుకొచ్చింది, తలమీద ఇల్లు పెట్టింది. మీలో చాలామంది కథ కూడా దాదాపు ఇదే అయివుంటుంది. కొందరికి బొమ్మల బదులు వీణ, కొందరికి నాటకం, కొందరికి పద్యం.

అసలు కథ ఇక్కడి నుంచి.

మూడేళ్ళ కిందట మా అమ్మాయి హైస్కూల్లో తరువాతి సంవత్సరానికి సబ్జెక్టులు ఎంచుకుంటోంది. ఆర్టు ఇంకో ఏడాది కొనసాగిస్తానంది. నేను చదువుకున్న తండ్రిని కాబట్టి చాలా శాంతంగా, దాని బదులు ఇంకో కంప్యూటరు కోర్సు తీసుకుంటే కాలేజీకి పనికొస్తుందని, ఆర్టు ఎక్కడికీ పోదని, తరువాత ఎప్పుడైనా వేసుకోవచ్చని నచ్చజెప్పాను. అది అంతా విని, "మరి నీ రంగులు గరాజులో ఎందుకున్నాయి నాన్నా?" అంది. వెక్కిరింపేమీ లేదు. నిజంగానే అడిగింది.

గరాజులో ఉన్నవి ఏమిటంటే, ఎనిమిదేళ్ళ కిందట పుట్టినరోజుకి నాకు నేనే కొనుక్కున్న ఒక ఫ్రెంచి ఈజిల్, మంచి రకం రంగుల ట్యూబులు డజను, సేబుల్ కుంచెలు మూడు. ఈజిల్ అంటే బొమ్మ వేసేటప్పుడు కాగితాన్నో కాన్వాసునో పట్టి ఉంచే స్టాండు. నేను కొన్నది పెట్టెలా మూసుకుని, విప్పితే మూడు కాళ్ళతో నిలబడేది. ఇత్తడి మరలు, తోలు పిడి, చూడటానికి సంగీత వాయిద్యంలా ఉంటుంది. ఎనిమిదేళ్ళలో దాన్ని బయటికి తీసుకెళ్ళింది రెండేరెండుసార్లు. తెల్లరంగు ట్యూబు మూత బిగుసుకుపోయి, శ్రావణం పెట్టినా రాలేదు.

ఆ రాత్రి గరాజులో నిలబడి ఆలోచించాను. నాకు టైము లేదా? అబద్ధం. మన క్రికెట్ మ్యాచిలకి టైము ఉంది, ఫోనులో వార్తలు చూడటానికి ఉంది, శనివారం రాత్రి విందుల్లో అర్ధరాత్రి దాకా ఇళ్ళ ధరలు మాట్లాడుకోవటానికి ఉంది. లోపం టైములో లేదు. ఒక గంట బొమ్మ వేసుకోవటానికి ముందు గంట, వెనక గంట తయారీ పెట్టుకున్నాను, అక్కడ ఉంది లోపం. ఆ ఫ్రెంచి పెట్టె పన్నెండు పౌన్ల పైచిలుకు బరువు. కాళ్ళు ఒక్కొక్కటీ లాగి, మరలు బిగించి, తిన్నగా నిలబెట్టేసరికి ఉత్సాహం సగం చస్తుంది. పైగా అది ముఖ్యంగా తైలవర్ణాల వాళ్ళ కోసం పుట్టిన వస్తువు. నూనెరంగు చిక్కగా ఉంటుంది, కాన్వాసుని నిలువుగా పెట్టినా జారదు. నీటిరంగు అలా కాదు. కాగితం దాదాపు పడుకుని ఉండాలి, పది పదిహేను డిగ్రీల వాలు చాలు. అప్పుడు కుంచె కింద చేరిన నీటిబొట్టు మెల్లగా కిందికి దిగుతూ రంగుని సమానంగా పరుస్తుంది. ఇంకా నిలువుగా పెడితే కన్నీళ్ళు కారినట్టు చారలు కడుతుంది. మా మాస్టారు క్యారియరు మీద అట్ట కింద చెక్కముక్క ఎందుకు దోపేవారో నాకు ముప్ఫై ఏళ్ళ తరువాత బోధపడింది.

చిత్రకళ చరిత్రలో కూడా పెద్ద మార్పులు ఇలాంటి చిన్న వస్తువుల వల్లే వచ్చాయి. 1841 దాకా తైలవర్ణాలని పందుల మూత్రాశయపు తిత్తుల్లో నింపి ఉంచుకునేవారు. తిత్తి చిల్లు పడితే రంగంతా పాడు. ఆ ఏడాది జాన్ గాఫ్ ర్యాండ్ అనే అమెరికన్ చిత్రకారుడు మూత ఉన్న లోహపు ట్యూబుకి పేటెంటు తీసుకున్నాడు. ఇవాళ మనం పళ్ళు తోముకునే పేస్టు ట్యూబుకి అదే తాత. రంగు జేబులో పట్టటం మొదలయ్యాక ఫ్రాన్సులో ఒక తరం చిత్రకారులు గదులు వదిలి పొలాలకీ, నదులకీ వెళ్ళగలిగారు. ప్రతిభ అంతకు ముందూ ఉంది. సరంజామా తేలికపడేదాకా దానికి గడప దాటటం కష్టమైంది.

అందుకని కొత్త ఈజిల్‌కి నేను మూడు షరతులు పెట్టుకున్నాను. ఒకటి, అన్నీ కలిపి ఏడు పౌన్లు దాటకూడదు. రెండు, కారు ఆపిన మూడు నిమిషాల్లో కుంచె తడవాలి. మూడు, అది ఎప్పుడూ కారు ట్రంకులోనే ఉండాలి, గరాజులోకి రాకూడదు.

కాళ్ళు కొత్తగా చెయ్యనక్కరలేదని ముందే తేలింది. మనలో ఎవరింట్లో లేదు చెప్పండి, పిల్లల బారసాలకో గృహప్రవేశానికో కొన్న కెమేరా ట్రైపాడు? నాది మూడు పౌన్ల అల్యూమినియం ట్రైపాడు. కాళ్ళు పొడుగూ పొట్టీ అవుతాయి, తల ఎటు కావాలంటే అటు వాలుతుంది. కెమేరాని పట్టుకునే మర పావు అంగుళం లావు, అంగుళానికి ఇరవై చుట్లు. ఆ మర ఎక్కే నట్టు హార్డువేర్ షాపులో కొన్ని సెంట్లకి దొరుకుతుంది. దాన్ని టీ-నట్ అంటారు, చక్రానికి పళ్ళున్నట్టు ఉంటుంది, సుత్తితో కొడితే చెక్కలో దిగి కూర్చుంటుంది.

బల్లకి పావు అంగుళం మందం బర్చి ప్లైవుడ్, పన్నెండు అంగుళాలు బై పదహారు. ఈ కొలత ఎందుకంటే, నీటిరంగుల కాగితం పూర్తి షీటు 22 బై 30 అంగుళాలు. రెండుసార్లు మడిచి చింపితే నాలుగు ముక్కలవుతాయి, ఒక్కొక్కటి 11 బై 15. చుట్టూ అర అంగుళం మిగులుతుంది, క్లిప్పులు పెట్టుకోవటానికి చాలు. కాగితం మాత్రం 140 పౌన్ల రకమే తీసుకోండి, అంటే 300 గ్రాములది. పల్చటిది తడిస్తే అప్పడంలా ముడుచుకుపోతుంది.

బల్ల అడుగున నడిమధ్య మూడంగుళాల చదరపు గట్టిచెక్క ముక్కని జిగురుతోనూ, నాలుగు మరలతోనూ బిగించాలి. టీ-నట్ ఆ ముక్కలో ఉంటుంది. ఇక్కడే ఇరవై ఏళ్ళ అనుభవమున్న ఈ ఇంజనీరు తప్పులో కాలేశాడు. గట్టిగా ఉంటుందని ముప్పావు అంగుళం మందం చెక్క వాడాను. అంతా బిగించి, రెండు పూతలు వార్నీషు వేసి, ట్రైపాడు మీద పెడితే మర అందలేదు. ట్రైపాడు మర పైకి తేలేది పావు అంగుళమే కదా, అది ముప్పావు అంగుళం అవతల ఉన్న నట్టుని ఎలా అందుకుంటుంది? కొలవకుండా కోసినందుకు మా ఆవిడ ఒక వారం రోజులు వచ్చిన వాళ్ళందరికీ చెప్పి నవ్వింది. మళ్ళీ ఊడదీసి, మూడెనిమిదుల అంగుళం, అంటే 3/8 మందం ముక్క పెట్టాను. దానికి 5/16 అంగుళం బెజ్జం, అందులో 5/16 పొడుగు నట్టు. ఇంకొక సంగతి, నట్టుని బల్లవైపు నుంచి దిగగొట్టాలి. అప్పుడు మర బిగిస్తున్నకొద్దీ నట్టు చెక్కలోకే లాగబడుతుంది. కిందివైపు నుంచి కొడితే ఏదో ఒక రోజు ఊడి చేతికొస్తుంది. నట్టు తల కోసం చెక్కలో చిన్న గుంట చెక్కుకుంటే ముక్క బల్లకి చదునుగా అతుక్కుంటుంది.

రంగులకీ నీళ్ళకీ ఇంకో సన్నటి ప్లైవుడ్ పలక. దానికి మూడు గాట్లు పెట్టి, ట్రైపాడు కాళ్ళని కలిపే మధ్య కమ్మీల మీద కూర్చోబెట్టాను. నీళ్ళ గ్లాసు దొర్లిపోకుండా ఒక గుండ్రటి బెజ్జం. అంచులతో సహా అన్నిటికీ పాలీయురెథేన్ వార్నీషు పట్టించండి. అంచులు వదిలేస్తే తడికి ప్లైవుడ్ పొరలు పొరలుగా విచ్చుకుంటుంది. నాకయిన పనిముట్లు ఒక చేతిరంపం, ఒక డ్రిల్లు, గరుకు కాగితం. ట్రైపాడు కాకుండా ఖర్చు ఇరవైమూడు డాలర్లు, రెండు శనివారాలు. మొదటి తప్పు లేకపోతే ఒక శనివారమే.

"ఇంత శ్రమెందుకు, ఇలాంటివి బజార్లో రెడీమేడుగా దొరుకుతాయిగా" అంటారు కొందరు. దొరుకుతాయి, మంచివే దొరుకుతాయి. రంపం పట్టటం ఇష్టం లేనివాళ్ళు నిరభ్యంతరంగా కొనుక్కోండి, చిన్నదీ తేలికైనదీ మాత్రం కొనుక్కోండి. నా వరకు నాకు చేసుకోవటం వల్ల ఒక మేలు జరిగింది. ఆ ఫ్రెంచి పెట్టె ముందు నేను ఎప్పుడూ అనర్హుడినే. అంత అందమైన పెట్టె మీద ఇంత చెత్త బొమ్మా అనిపించేది. ఈ ప్లైవుడ్ ముక్క ముందు ఆ బెరుకు లేదు. అది కూడా నాలాగే ఒకసారి తప్పుగా తయారై, మళ్ళీ సరిచేయబడిన వస్తువు.

మొదటిసారి తీసుకెళ్ళింది స్టాక్‌టన్ ఊరి పక్కన, డెలావేరు నది వెంట వెళ్ళే కాలవగట్టుకి. డెలావేర్ అండ్ రారిటన్ కాలవ 1834లో పూర్తయింది. దాన్ని తవ్వింది చాలామటుకు ఐర్లండు నుంచి వలస వచ్చిన కూలీలు, పారలతోనూ పలుగులతోనూ. ఇప్పుడు గట్టు మీద జనం నడుస్తారు, సైకిళ్ళు తొక్కుతారు. అక్కడ ప్రాల్స్‌విల్ మిల్లు అని పాత పిండిమర ఉంది. రాతిగోడలు, కింద కాలవలో దాని నీడ. మూడు నిమిషాల్లో స్టాండు వేశాను. కాగితం సగం తడిపానో లేదో, నది మీదనుంచి ఒక్క గాలి వచ్చి బల్లా, ట్రైపాడూ, రంగులూ మొత్తం కాలవలో పడేసింది. బల్ల తేలింది కాబట్టి కర్రతో లాక్కున్నాను. అప్పటి నుంచి ట్రైపాడు మధ్య కొక్కేనికి ఒక గుడ్డసంచి తగిలిస్తాను. సంచి ఇంటి నుంచి ఖాళీగా వెళుతుంది. అక్కడికి వెళ్ళాక నాలుగు రాళ్ళు ఏరి వేస్తే సరి. మోసుకెళ్ళవలసిన పనిలేని బరువు అది.

స్టాక్‌టన్ నుంచి చూస్తే నదికి అవతల పెన్సిల్వేనియా ఒడ్డున సెంటర్ బ్రిడ్జ్ అనే చిన్న ఊరు కనిపిస్తుంది. ఎడ్వర్డ్ రెడ్‌ఫీల్డ్ అనే చిత్రకారుడు 1898లో అక్కడ స్థిరపడ్డాడు. మంచుకాలంలో మోకాలి లోతు మంచులో నిలబడి, గాలికి ఎగిరిపోకుండా పెద్ద పెద్ద కాన్వాసుల్ని చెట్లకి కట్టి, ఒక్క బిగిన బొమ్మ పూర్తిచేసేవాడట. మనం 55 డిగ్రీలకే స్వెట్టరు వేసుకుంటాం. ఆ సంగతి తెలిశాక వాతావరణం బాగాలేదనే సాకు కూడా నా చేతిలోంచి జారిపోయింది.

ఇంకో విషయం చెప్పాలి. ఆ గట్టు మీద నేను పన్నెండేళ్ళుగా నడుస్తున్నాను. ఎదురైనవాళ్ళు తల ఊపుతారు, నేనూ ఊపుతాను, అంతే. స్టాండు వేసుకుని నిలబడ్డ మొదటి నెలలోనే, ఆ మిల్లు పక్కింట్లో పెరిగిన ఒక ముసలావిడ ఆగి, చిన్నప్పుడు కాలవ గడ్డకడితే ఎక్కడ స్కేటింగు చేసేవాళ్ళో చూపించింది. ఒక చిన్న కుర్రాడు నీళ్ళకి ఆకుపచ్చ రంగెందుకు వేశావని నిలదీశాడు, వాడిదే రైటు. ఈ దేశంలో పాతికేళ్ళుగా పన్నులు కడుతున్నాను. ఇక్కడి నేలని ఒక గంటసేపు ఒకే చోట నిలబడి చూసింది మాత్రం ఆ బల్ల ముందే. చూసే మనిషిని ఆ చోటు తనవాడిగా లెక్కవేసుకుంటుందని నాకు అనిపించింది.

ఇక రిటైరయ్యాక అనే మాట సంగతి. మా మిత్రుడు ఒకాయన కంటి డాక్టరు. ఆయన చెప్పాడు, వయసు పెరుగుతున్నకొద్దీ కంటిలోని కటకం మెల్లమెల్లగా పసుపురంగుకి తిరుగుతుందిట. నీలాలు మసకబారతాయి. అది ఏళ్ళ తరబడి జరుగుతుంది కాబట్టి మనకి తెలియను కూడా తెలియదు. మోనే అంతటి చిత్రకారుడికి శుక్లాలు ముదిరి, 1923లో, ఎనభైరెండేళ్ళ వయసులో కంటికి ఆపరేషను చేయించుకోవలసివచ్చింది. అదృష్టం కొద్దీ ఇవాళ శుక్లాల ఆపరేషను చిన్నదయింది. అయినా చేతి వణుకు, మెడనొప్పి, గంటసేపు నిలబడలేని మోకాళ్ళు, వీటికి ఎవరు హామీ ఇస్తారు? మన పొదుపు ఖాతాల్లో డబ్బు ఏటేటా పెరుగుతుంది కాబట్టి, దాచిపెట్టినదేదైనా పెరుగుతుందని మనం నమ్ముతాం. కోరిక అలా పెరగదు. ఆ తెల్లరంగు ట్యూబు లాగా మూతదగ్గర బిగుసుకుపోతుంది.

2019లో కొవ్వూరు వెళ్ళినప్పుడు మాస్టారిని చూశాను. పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పనిచెయ్యటంలేదు. నన్ను గుర్తుపట్టి, మంచం కింద ట్రంకుపెట్టె లాగమన్నారు. నిండా కాగితాలు, ముప్ఫై ఏళ్ళ ఆదివారాలు. రేవు, లంకలు, వరద గోదావరి, ఎండు గోదావరి. ఒక్కదానికీ ఫ్రేము లేదు, ఒక్కటీ అమ్మలేదు. "నువ్వు వేస్తున్నావా?" అని అడిగారు. "రిటైరయ్యాక..." అన్నాను. ఆయన తన కుడిచెయ్యి వైపు ఒకసారి చూసుకుని, కాఫీ తాగి వెళ్ళమన్నారు. ఆ తరువాత రెండేళ్ళకి పోయారని కబురు వచ్చింది. నాకు అప్పుడైనా బుద్ధి రావలసింది. మా అమ్మాయి అడిగేదాకా రాలేదు.

అమ్మాయి సంగతి కూడా చెప్పేస్తాను, లేకపోతే కథ బాగా చెప్పటం కోసం దాచానంటారు. ఆర్టు క్లాసులో కొనసాగింది. దానివల్ల చదువు దెబ్బతిన్నదా, బాగుపడిందా అంటే, నాకైతే తేడా కనిపించలేదు. నాతో కాలవగట్టుకి ప్రతివారం రాదు. వచ్చినప్పుడు నా పక్కన కూర్చుని తన బొమ్మ తను వేసుకుంటుంది. నా బొమ్మ చూసి, "నాన్నా, ఆకాశం తడి ఆరకముందే చెట్లు వేసేశావు" అంటుంది. ఇన్నాళ్ళూ మా ఇంట్లో తప్పులు దిద్దే ఉద్యోగం నాది ఒక్కడిదే. నేను ఒక పనిలో మొదటి మెట్టు మీద ఉండటం, తప్పు చెయ్యటం, మళ్ళీ చెయ్యటం అది చూస్తోంది. పెంపకంలో నేను దానికి ఇచ్చినవాటిలో ఇదే కొంచెం పనికొస్తుందేమోనని నా ఆశ.

మనం పిల్లల్ని కూచిపూడికి, కర్ణాటక సంగీతానికి, ఆర్టు క్లాసుకి తీసుకెళ్ళి, పార్కింగు లాటులో కారులో కూర్చుని ఫోను చూసుకుంటాం. వాళ్ళకి అందే పాఠం ఏమిటి? కళలు చిన్నపిల్లలు చేసే పని, పెద్దవాళ్ళు దింపే పని అని. పద్దెనిమిదేళ్ళు రాగానే వాళ్ళూ గజ్జెలు విప్పి పెట్టెలో పెడితే మనం నొచ్చుకుంటాం. వాళ్ళు మనల్ని చూసే నేర్చుకున్నారు.

అందుకని మన సంఘానికి నాదొక విన్నపం. ఏటా మన వేసవి పిక్నిక్కులో పిల్లలకి వయసుల వారీగా చిత్రలేఖనం పోటీ పెడతాం, బహుమతులిస్తాం. ఈసారి ఆ గంటసేపు పెద్దలకి కూడా కాగితాలు ఇద్దాం. పోటీ వద్దు, బహుమతి వద్దు, "నాకు రాదండీ" అనటం మాత్రం నిషేధం. పార్కులో చెరువుంది, చెట్లున్నాయి, ఒకళ్ళ మొహాలు ఒకళ్ళకున్నాయి. నేను నాలుగు బల్లలు చేసి పట్టుకొస్తాను. ట్రైపాడు ఉన్నవాళ్ళు మీవి తెచ్చుకోండి, టీ-నట్లు నా దగ్గర డబ్బాడు ఉన్నాయి. చేసుకోవాలని ఉన్నవాళ్ళు ఏ శనివారమైనా మా గరాజుకి రండి. ముందు కొలిచి తరువాత కొయ్యటం ఎలాగో మా ఆవిడ కూడా చెబుతుంది.

సంపాదకులకి ఇంకొకటి. మన సంచికలో ప్రతి ఏడూ పిల్లల బొమ్మల పేజీ ఒకటి ఉంటుంది. వచ్చే ఉగాదికి దాని పక్కన పెద్దల బొమ్మల పేజీ ఒకటి పెట్టండి. బాగుండకపోయినా పెట్టండి. నా మిల్లు బొమ్మ నేను పంపిస్తాను, నీళ్ళు ఆకుపచ్చగా ఉన్నదే.

ఏప్రిల్ వచ్చింది. ఎడమ పక్కన స్పేరు టైరు, కుడి పక్కన నా బల్ల, నడుమ కిరాణా సామాను, మా కారు ట్రంకు ఇప్పుడు ఇలా ఉంది. ఈ ఆదివారం వర్షం లేదన్నారు. అందరికీ ఉగాది శుభాకాంక్షలు.